తొందర వేరు, తయారీ వేరు



బడిపంతుళ్ళం, మాకు మిషన్ల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. మేము చదువు చెప్పిన పిల్లలు చాలామంది పోయేది మెకానిక్ షెడ్డుకో, కుట్టు మిషను ముందుకో, జిన్నింగు మిల్లుకో, బొగ్గుబాయికో. అందుకే ఈ సంగతి మాది కూడా అనుకుంటున్నాము.

మిషను నడిస్తే సరుకు వస్తుంది. ఒక పని ఆపి ఇంకో పనికి దాన్ని సిద్ధం చేసేటప్పుడు కిరాయి, కూలి ఖర్చవుతాయి గాని సరుకు రాదు. ఈ ఆగిన సమయాన్ని ఎట్లా తగ్గించాలి?

కార్ల పందెం చూడండి. 2023 అక్టోబరులో ఖతార్ పందెంలో మెక్‌లారెన్ జట్టు లాండో నోరిస్ కారు నాలుగు చక్రాలను 1.80 సెకన్లలో మార్చింది. ఒక్కొక్క చక్రానికి ముగ్గురు: ఒకరు నట్టు విప్పి బిగిస్తారు, ఒకరు పాత చక్రం లాగేస్తారు, ఒకరు కొత్తది ఎక్కిస్తారు. ముందొకరు, వెనకొకరు జాకీ పడతారు. కారు వచ్చేసరికే కొత్త చక్రం చేతిలో ఉంటుంది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. అది తొందర కాదు, తయారీ.

జపానులో షిగియో షింగో అనే ఇంజనీరు 1950లో హిరోషిమాలోని ఒక కార్ఖానాలో పెద్ద ప్రెస్సు అచ్చు మార్చడం గమనించాడు. ఒక బోల్టు కనబడక పనివాడు గంటకు పైగా తిరిగాడు. అప్పుడు ఆయనకు తోచింది: మిషను ఆపితేనే జరిగే పని వేరు, నడుస్తుండగానే చేసిపెట్టుకోగల పని వేరు. ఈ పద్ధతితోనే 1969లో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సు అచ్చు మార్పిడి నాలుగు గంటల నుంచి మూడు నిమిషాలకు దిగింది.

మన దావతుల్లో జరిగేదీ ఇదే గదా! ఒక పంక్తి లేవగానే ఒకరు ప్లేట్లు తీస్తారు, ఒకరు దస్తర్‌ఖాన్ తుడుస్తారు, ఒకరు నీళ్ళు పెడతారు. బిర్యానీ దేగు దగ్గర మనిషి ముందే సిద్ధంగా ఉంటాడు. ఇంత ఇంతజాం తెలిసిన మనం షెడ్డులో మాత్రం పానా కోసం వెతుక్కుంటూ కూర్చుంటాము.

గోదావరిఖని వైపు సింగరేణి బాయిలలో 1983లో లాంగ్‌వాల్ పద్ధతి మొదలైంది. అడ్రియాల గనిలో అది 2014లో పెద్ద ఎత్తున వచ్చింది. ఒక పానెల్‌లో బొగ్గు అయిపోతే కోత మిషను, పైకప్పును మోసే షీల్డులు, కన్వేయరు అన్నీ విప్పి ఇంకో పానెల్‌కు చేర్చాలి. అందాకా అక్కడ బొగ్గు రాదు. అట్లాగని తొందరపడితే పైకప్పు ఊరుకోదు, ప్రాణాలు పోతాయి. కొత్త పానెల్ దారులు ముందే తవ్వి పెట్టుకోవడమే అక్కడ సమయం మిగిల్చే మార్గం.

హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం ఇంకొక పాఠం చెబుతుంది. ఈ కరెంటు కార్ల పందేలలో 2018 దాకా బ్యాటరీ చాలక, డ్రైవరు నడుమ దిగి రెండో కారు ఎక్కేవాడు. పెద్ద బ్యాటరీ వచ్చాక ఆ మార్పిడే పోయింది. మార్చే అవసరమే లేకుండా చేసుకోవడం అన్నిటికన్నా మేలు.

షెడ్లు నడిపే ఉస్తాదులకు మా మనవి. పనిముట్లకు గోడమీద గుర్తులు గీసి చోటు పెట్టండి. బోల్టులు లెక్కపెట్టి డబ్బాలో ఉంచండి. ఎవరి పని ఏదో ముందే చెప్పండి. గడియారం పెట్టి చూసుకోండి. అందరికన్నా చిన్న పిల్లగాడు చెప్పే సలహా కూడా వినండి, పరుగెత్తేది వాడే గనుక ఎక్కడ ఆలస్యమో వాడికి తెలుసు.

ఇంకొక్క మాట. మిగిలిన గంటను చూసి ఒక మనిషిని తీసేశారా, రేపటి నుంచి ఎవడూ గంట మిగల్చడు. ఆ గంటలో ఒక పని ఎక్కువ చేయండి, లేదా పిల్లగాణ్ణి సాయంత్రం చదువుకు పంపండి. అప్పుడే అది అందరి జట్టు అవుతుంది.