కల్కి చూసి వచ్చాక మనం ఏం మాట్లాడుకున్నాం?

(మత్తిగిరిలో జరిగిన యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు కూడికలో ఒక సినిమా గురించి మాట్లాడతామని చెప్పగానే కొందరు పెద్దలు నవ్వారు, కొందరు ముఖం చిట్లించారు. ప్రార్థన కూడికలో సినిమా ఏమిటని ఒక అమ్మ సూటిగానే అడిగారు. అడగవలసిన మాటే. ఆ సినిమా బాగుందని గానీ బాగాలేదని గానీ చెప్పడానికి మేము ఇక్కడ నిలబడలేదు. దాన్ని చూసి బయటికి వచ్చిన మనం ఏం మాట్లాడుకున్నాం, ఏం మాట్లాడుకోలేదు అన్నదే ఈ పూట మా మాట.

ఆ సినిమా 'కల్కి 2898 ఏడీ'. 2024 జూన్ 27న విడుదలైంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2020లోనే దాన్ని ప్రకటించారు. చాలాకాలం 'ప్రాజెక్ట్ కె' అనే పేరుతోనే నడిచింది. ఆ 'కె' అంటే ఏమిటో ఊహిస్తూ మనవాళ్లు ఎన్ని సాయంత్రాలు గడిపారో లెక్కలేదు. 2023 జూలైలో అమెరికాలోని శాన్ డియాగోలో జరిగే కామిక్ కాన్ ఉత్సవంలో మొదటి దృశ్యాలు చూపించారు. ఆ తర్వాత బుజ్జి వచ్చింది. మహీంద్రా ఇంజినీర్లు, మన తమిళనాడులోనే కోయంబత్తూరులో ఉన్న జయెం సంస్థ కలిసి తయారుచేసిన, నిజంగా రోడ్డు మీద నడిచే కారు అది. దాన్ని ఊళ్లు తిప్పారు, జనం ఎగబడి ఫొటోలు దిగారు. ఆరు వందల కోట్ల రూపాయల సినిమా అని పత్రికలు రాశాయి. టికెట్ ధర పెంచుకోవడానికి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అనుమతి ఇచ్చాయి.

మనం ఉండేది సరిహద్దులో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పనికి వెళ్తే కన్నడం. అందుకే మనలో కొందరు హోసూరులో చూశారు, కొందరు అత్తిబెలె దాటి బెంగళూరు వైపు వెళ్లి చూశారు. చూసినవాళ్లు చెప్పిన మాటలు మేము శ్రద్ధగా విన్నాం. ఎక్కువమంది గ్రాఫిక్స్ గురించే చెప్పారు. "మనవాళ్లు తీశారంటే నమ్మలేకపోయాం, ఇంగ్లీషు సినిమాలా ఉంది" అన్నారు. మరికొందరు దాన్నే తిప్పి, "ఇంగ్లీషు సినిమాల్లో చూసిందే కదా" అన్నారు. మొదటి సగం సాగదీశారని కొందరు, ప్రభాస్ కనిపించింది తక్కువని కొందరు, అమితాబ్ అశ్వత్థామగా నిలబడితే ఆయన వయసే గుర్తురాలేదని కొందరు. చివర్లో భైరవుడు ఎవరో తెలిసినప్పుడు వేసిన ఈలలకు పక్కవాడి మాట వినపడలేదట. మన పెద్దల మాట వేరు. పురాణ కథ ఉన్న సినిమాకు విశ్వాసుల పిల్లలు వెళ్లవచ్చా అన్నారు. దాని మీద వాదన జరిగింది.

ఇన్ని మాటలు విన్నాం. ఇందులో ఒక్క మాట మాత్రం మాకు వినపడలేదు. నీళ్లు.

సినిమా చూడనివారి కోసం కథ కాస్త చెప్తాం. అది 2898వ సంవత్సరం. గంగ ఎండిపోయింది. మిగిలింది కాశీ నగరం ఒక్కటే. అక్కడి జనం దుమ్ములో, ఆకలిలో, దాహంలో బతుకుతుంటారు. వాళ్ల నెత్తి మీద, ఆకాశంలో, తలకిందులుగా వేలాడే పిరమిడ్ లాంటి ఒక కట్టడం ఉంది. పేరు కాంప్లెక్స్. భూమి మీద ఉన్న నీళ్లూ పచ్చదనమూ అన్నీ అందులోకి పోయాయి. అక్కడికి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు ఉండాలి. యూనిట్లంటే వాళ్ల డబ్బు. కింద ఉన్నవాడు జీవితమంతా కష్టపడినా అంత కూడబెట్టలేడు. పిల్లల్ని కనగల స్త్రీలు దొరికితే వాళ్లను పట్టుకుపోయి కాంప్లెక్స్‌కు అమ్ముతారు. పైనున్న ఒక్కడి ప్రాణం నిలబెట్టడానికి వాళ్ల గర్భాలను వాడుకుంటారు.

మరి మన కథానాయకుడు భైరవుడు ఏం కోరుకుంటాడు? ఆ కాంప్లెక్స్‌ను కూలగొట్టాలని కాదు, అందులోకి తానొక్కడు వెళ్లాలని కోరుకుంటాడు. అందుకోసం ఒక గర్భిణిని పట్టి అప్పగించడానికీ సిద్ధపడతాడు. మనం ఈలలు వేసింది అతనికే. ఇందులో దర్శకుడు నాగ్ అశ్విన్‌ను తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన ఉన్నదున్నట్టు చూపించారు. కింద పుట్టినవాడికి పైకి పోవాలనే ఉంటుంది. మనకూ అదే ఉంది. ఒక కంపెనీలో ఉద్యోగం, బెంగళూరులో ఒక ఫ్లాట్, గేటు దగ్గర ఒక కాపలాదారు. అది కోరుకోవడం తప్పని మేము అనం. మన అమ్మానాన్నలు మన కోసం కోరుకున్నది కూడా అదే. కానీ పైకి వెళ్లాక కింద ఉన్నవాళ్ల నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తామా?

సినిమా ఏ సంవత్సరం వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. 2024. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో బెంగళూరులో బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్ల ధరలు ఎంత పెరిగాయంటే, చివరికి ప్రభుత్వమే ఇంతకు మించి తీసుకోకూడదని ధర నిర్ణయించాల్సి వచ్చింది. మనలో చాలామంది అక్కడ పనిచేస్తారు. బిందెలతో వరుసలో నిలబడ్డామని మీరే చెప్పారు. ఏప్రిల్‌లో నీళ్ల వరుసలో నిలబడినవాళ్లం జూన్‌లో నీళ్లు దోచుకుపోయిన లోకాన్ని తెర మీద చూశాం. చూసి, గ్రాఫిక్స్ బాగున్నాయా లేదా అని వాదించుకున్నాం.

ఇలా కాకుండా చూసినవాళ్లు కూడా ఉన్నారు. 2009 డిసెంబరులో జేమ్స్ కామెరాన్ తీసిన 'అవతార్' వచ్చింది. అప్పుడు కూడా ఇంతకన్నా పెద్ద ఆర్భాటమే. నల్లద్దాలు పెట్టుకుని చూసిన ఆ పండోరా లోకం నిజం కాదు కదా అని బయటికొచ్చాక దిగులు పడినవాళ్లున్నారు. వాటికన్ పత్రిక ఆ సినిమాలో ప్రకృతి ఆరాధన కనిపిస్తోందని విమర్శించింది. మన పెద్దల వాదన లాంటిదే అది. అయితే 2010లో పాలస్తీనాలోని బిలిన్ గ్రామస్థులు తమ భూమి మీదుగా కట్టిన గోడకు వ్యతిరేకంగా చేసిన ఊరేగింపులో కొందరు ఒంటికి నీలం రంగు పూసుకుని నడిచారు. ఆ సినిమాలో వాళ్లకు తమ ఊరే కనిపించింది.

మనకు ఇంకా దగ్గరి సంగతి నియమగిరిది. ఒడిశాలో, మన పార్వతీపురం అవతల ఉన్న కొండ అది. అక్కడి డోంగ్రియా కోందులు తమ కొండను బాక్సైట్ కోసం తవ్వవద్దని పోరాడుతున్నారు. 2010లోనే వాళ్ల తరఫున సర్వైవల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఒక అమెరికా సినిమా పత్రికలో కామెరాన్‌కు బహిరంగ విన్నపం చేసింది. మీరు తీసిన కథ ఇక్కడ నిజంగా జరుగుతోంది, సాయం చేయండి అన్నది దాని సారాంశం. కొండను కాపాడింది సినిమా కాదు, ఆ కొండవాళ్లే. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. మంచి కథ విన్నవాడు లేచి తన ఊరి వైపు చూస్తాడని చెప్పడానికే ఈ సంగతి తెచ్చాం.

బైబిల్లో కథ విని స్పందించిన ఒక ప్రేక్షకుడున్నాడు. దావీదు రాజు. నాతాను ప్రవక్త అతనికి ఒక కథ చెప్పాడు. ఒక ధనవంతుడికి బోలెడన్ని గొర్రెలున్నాయి. పక్కనున్న బీదవాడికి ఉన్నది ఒక్క గొర్రెపిల్ల. ఇంటికి అతిథి వస్తే ధనవంతుడు తన గొర్రెల్ని ముట్టుకోకుండా ఆ బీదవాడి గొర్రెపిల్లను పట్టి వండించాడు. దావీదుకు కోపం ముంచుకొచ్చింది. అలాంటివాడు బతకకూడదన్నాడు. ఎంత మంచి ప్రేక్షకుడో చూడండి! కథలో అన్యాయం ఎక్కడుందో వెంటనే పట్టుకున్నాడు. కానీ నాతాను వేలెత్తి చూపేవరకు ఆ ధనవంతుడు తానేనని అతనికి తట్టలేదు.

మాకూ తట్టలేదు. ఇది మేము ఒప్పుకోవలసిన విషయం. ఆ 2024 వేసవిలోనే మా సంఘ వార్షికోత్సవం జరిగింది. భోజనాలకు నీళ్లు కావాలి. రెండు ట్యాంకర్లకు మేమే ఎక్కువ డబ్బిచ్చి మాట్లాడాం. వచ్చాయి. పాత్రలు కడిగాం, చేతులు కడిగాం, మిగిలినవి ఆవరణలో దుమ్ము లేవకుండా చల్లాం. ఆ రెంటిలో ఒక ట్యాంకర్ వెనక వీధికి రావలసినదని మాకు తర్వాత తెలిసింది. ఆ వీధిలో ఉండే అమ్మల్లో ఇద్దరు మన మందిరాన్ని ఊడ్చేవాళ్లే. ఆ రోజు వడ్డనలో సాయం చేసి, ఖాళీ బిందెలతో ఇంటికి వెళ్లారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. రెండు నెలల తర్వాత మేమే వెళ్లి కాంప్లెక్స్‌ను చూసి, ఎంత దుర్మార్గమో అనుకుంటూ పాప్‌కార్న్ తిన్నాం.

సినిమా గురించి మాట్లాడాలని మాకు అనిపించింది అందుకే. కాంప్లెక్స్ ఆకాశంలో ఉంటే గుర్తుపట్టడం సులువు. అది మన ఆవరణలో ఉంటే కష్టం.

కెలవరపల్లి ఆనకట్ట మీరందరూ చూసినదే. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని బెంగళూరు పక్కగా వచ్చి, ఆ నగరపు మురుగునూ ఫ్యాక్టరీల వ్యర్థాలనూ మోసుకుని మన దగ్గరికి చేరుతుంది. వానలకు గేట్లు ఎత్తితే తెల్లటి నురగ కొండలా లేస్తుంది. మనం ఫోన్లు తీసి వీడియోలు తీసుకుంటాం. అది కూడా ఒక సినిమా దృశ్యంలాగే అయిపోయింది మనకు. ఆ నీటితో పొలం తడుపుకునే రైతుకు అది దృశ్యం కాదు. ఇంకో మాట. ఆ నురగలో మన బిడ్డల బెంగళూరు ఫ్లాట్ల సబ్బునీళ్లు కూడా ఉన్నాయి. పైనున్నదీ మనమే, కిందున్నదీ మనమే.

ఆ సినిమాలో ఆడపిల్లలను పట్టుకుపోయే దృశ్యాలకు హాలంతా నిశ్శబ్దమైందని మా చెల్లెళ్లు చెప్పారు. మన జిల్లా 2004 వరకు ధర్మపురిలో భాగం. పుట్టిన ఆడపిల్లను చంపకుండా తెచ్చి ఇవ్వండి, మేము పెంచుతామని ప్రభుత్వమే ఉయ్యాల పెట్టిన జిల్లాల్లో ధర్మపురి ఒకటి. 1992లో సేలంలో మొదలైన ఆ పథకం 2001లో ఇక్కడిదాకా వచ్చింది. స్త్రీ గర్భం మీద ఎవరెవరో లెక్కలు వేయడం మనం చూడటానికి 2898 దాకా వెళ్లనక్కర్లేదు.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సినిమాలు మానమని మేము చెప్పడం లేదు. ఈలలు వేయండి, గ్రాఫిక్స్ గురించి వాదించుకోండి. ఆ తర్వాత టీ కొట్టు దగ్గర ఇంకో పది నిమిషాలు ఉండండి. ఆ కథలో ఎవరికి దాహం వేసింది, ఆ దాహం మన ఊళ్లో ఎవరిది, అందులో మన చేయి ఎంత అని ఒకరినొకరు అడగండి.

మా వరకు మేము ఒక పని మొదలుపెట్టాం. మందిరం చుట్టూ ఉన్న వీధుల్లో ఏ వీధికి కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తోందో, ఎవరు మోస్తున్నారో రాసుకుంటున్నాం. ఆ కాగితం పట్టుకుని కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్తాం. వచ్చే వార్షికోత్సవానికి ట్యాంకర్ మాట్లాడేముందు వెనక వీధికి నీళ్లు వచ్చాయో లేదో అడిగి, రాకపోతే ముందు అటు పంపిస్తాం. భోజనాలు ఒక గంట ఆలస్యమైనా ఫరవాలేదు.

వచ్చే శనివారం ఉదయం ఆరు గంటలకు వెనక వీధి కుళాయి దగ్గర కలుస్తాం. నోటు పుస్తకం మేము తెస్తాం. వచ్చేవాళ్లు తలా ఒక బిందె తెండి. రాసుకోవడం అయ్యాక ఆ అమ్మలతో పాటు మోయాలి.