కుడ్యచిత్రాల నగలు, మన చెవులు



బగాన్‌లోని మ్యిన్‌కబా గుబ్యౌక్‌జీ ఆలయమును సుమారు 1113లో రాజకుమారుడు తన తండ్రి చాన్‌సిత్తా మహారాజు పుణ్యార్థము కట్టించెను. గోడలపై జాతక కథల చిత్రములు, వాటి క్రింద మోన్ భాషలో వివరణలు కలవు. నగలు రూపొందించదలచిన మన యువతులకు అవి పెద్ద నిధి. అందలి పద్మములు, లతలు పతకములకు చక్కగా ఒదుగును.

చెవి నగల విషయమున మాత్రము వైద్యురాలిగా ఒక మాట చెప్పవలెను. బగాన్ చిత్రములలోని పెద్ద కర్ణాభరణములు సాగదీసిన తమ్మెలలో, వెడల్పైన రంధ్రములలో అమర్చినవి. నేటి సన్నని రంధ్రమునకు అంత బంగారము వ్రేలాడదీసినచో తమ్మె మెల్లగా చీలును. అందు మృదులాస్థి లేదు. మన మామ్మలు ఊరకే మాటీలు పెట్టుకొనలేదు. కమ్మల బరువును అవి జుట్టునకు అందించెడివి. కనుక ఆ నమూనాను పలుచని రేకుతో, లోపల బోలుగా చేయించండి. అప్పటికీ బరువనిపించినచో మాటీ జతచేయండి.