నష్టభయం – మూగబోయిన సాక్ష్యం
(చోడవరం సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మార్కు సువార్త 5వ అధ్యాయంలోని సంగతి మనందరికీ తెలిసినదే. సమాధుల మధ్య కేకలు వేస్తూ తిరిగే మనిషిని ప్రభువు బాగుచేశాడు. సుమారు 2,000 పందులు నీటిలో పడి చచ్చాయి. ఊరివారు వచ్చి చూచారు. స్వస్థబుద్ధితో కూర్చున్న మనిషి వారి కళ్లెదుటే ఉన్నాడు. అయినా తమ ప్రాంతం విడిచి వెళ్లమని వారు ప్రభువును బతిమాలుకొన్నారు. వారు భయపడ్డారని సువార్త చెబుతుంది. ఆ భయంలో నష్టభయం కూడా ఉన్నదని నా తలంపు. వారి లెక్కలో పందులు ఉన్నాయి, మనిషి లేడు.

మనది చెరకు సీమ. గోవాడ చక్కెర మిల్లు, అనకాపల్లి బెల్లం మార్కెట్టు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టాయి. బెల్లం నల్లబడితే వంటకు ఎవరూ కొనరు. అయినా దానికీ ఒక బేరగాడు వస్తాడు. ఒక ఏడు వానకు మా బెల్లం పాడైంది. బేరగాడు వచ్చాడు. ఎక్కడికి తీసుకుపోతావని నేను అడగలేదు. సారా బట్టీకని తెలుసు. అడిగితే బేరం పోతుందని భయం. ఆ ఆదివారం మద్యపానం మీద వాక్యోపదేశం విని, అందరితోపాటు గట్టిగా ఆమెన్ అన్నాను. ఆ ఆమెన్ నేటికీ నా గొంతులో ముల్లై ఉన్నది.

ఆ సారానే ఎదిరించిన పేదరాళ్లున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడులలో అక్షరాలు నేర్చుకొన్న స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానాకు రాబడి పోతున్నదన్న మాట ముందుకు వచ్చి, 1997లో అది సడలింది. ప్రభుత్వాన్ని నిందించడం సులభం. నేను నా ఇంట చేసిన లెక్కా అదే కదా!

ఆ స్త్రీలు ఒంటరిగా వెళ్లలేదు, కలిసి వెళ్లారు. మనకు కావలసినది అదే. రేపు మన సహోదరుడొకడు అటువంటి బేరం కాదంటే, అతని నష్టంలో ఒక పాలు సంఘం మోస్తుందా? మోయకపోతే అతనికి ధైర్యం బోధించే హక్కు మనకు ఎక్కడిది?

బాగుపడిన ఆ మనిషిని ప్రభువు తన ఇంటికే పంపాడు. మనమూ మన ఇంటి లెక్కపుస్తకం దగ్గరే మొదలుపెడదాం. ప్రభువు మనకు తోడైయుండును గాక.