బిల్లు అడిగినట్టే జబ్బు పేరూ అడుగుదాం
(టైడా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



విత్తనాల కొట్టుకి వెళ్తే మనం ఏం చేస్తాం? సంచి తిప్పి లాట్ నంబరు, గడువు తేదీ చూస్తాం. బిల్లు లేకుండా కదలం. మొలక రాకపోతే నిలదీయడానికి అదే ఆధారమని సంఘంలో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. మరి జ్వరమొచ్చి సంతలో సూది వేయించుకున్నప్పుడు, అందులో ఏ మందుందో అడిగామా?

మేమూ అడగలేదు. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో పిల్లాడికి మలేరియా వచ్చింది. మాత్రలిచ్చారు. మూడో రోజుకి జ్వరం తగ్గితే మిగతావి చూరులో దోపేశాం. రెండు నెలలకి మళ్లీ అదే చలి, అదే వణుకు. మందు పనిచేయలేదని తిట్టుకున్నాం. తప్పు మందుది కాదు. ఎన్ని రోజులు వాడాలో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మన్యంలో ముఖ్యంగా రెండు రకాల మలేరియా ఉంది. ఫాల్సిపారం మెదడుకెక్కితే ప్రాణం తీస్తుంది, ఒక్క రోజు కూడా ఆగకూడదు. వైవాక్స్ కాలేయంలో దాక్కుని తిరగబెడుతుంది. దాన్ని తుడిచెయ్యడానికే ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. గర్భిణులు ఆ మాత్ర వేసుకోకూడదు, అందుకని ఆ సంగతి ముందే చెప్పాలి. మాత్రలు వాడుతుండగా మూత్రం నల్లగా వస్తే ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఏ రకమో ఒళ్లు పట్టుకుని చూస్తే తెలియదు. ఆశా కార్యకర్త దగ్గరుండే కిట్టుతో, వేలి నుంచి తీసిన చుక్క రక్తంతో అరగంటలోపే తేలుతుంది. పరీక్షా మందూ ఉచితం. దిసారి దగ్గరికి వెళ్లేవాళ్లను మేం వద్దనం. ముందు రక్తపరీక్ష చేయించండి అంటున్నాం.

ఎవరు మందిచ్చినా నాలుగు ప్రశ్నలు అడుగుదాం. జబ్బు పేరేమిటి? ఏ పరీక్షలో తేలింది? ఏ మందు, ఎన్ని రోజులు? ఏ లక్షణం కనిపిస్తే పరిగెత్తుకు రావాలి? జవాబు కాగితం మీద రాయించుకుందాం. అడిగితే కసురుకునేవాడినీ, అన్ని జబ్బులకీ ఒకటే సూది అనేవాడినీ, ఎవరు పంపారో తెలియని ఫోన్ కబురునీ నమ్మొద్దు.

ఇది మనం బతిమాలుకోవాల్సిన విషయం కాదు. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం, ఆస్పత్రిలో చేరిన రోగి తన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

చదువు రానివాళ్లకు కాగితం ఒక్కటే చాలదు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లను ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ పెట్టాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేద్దాం. అంతవరకూ చదువొచ్చిన మన పిల్లలు ఆ నాలుగు ప్రశ్నలతో పెద్దవాళ్లకు తోడుగా వెళ్లాలి.

పంట పోతే మళ్లీ వేసుకుంటాం. మనిషి పోతే తిరిగి రాడు.