జీతం మాట వచ్చినప్పుడు తల దించుకోవద్దు

(డిగ్రీ పూర్తిచేసి అకౌంట్స్ ఉద్యోగాలకు వెళ్ళబోతున్న విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది బి.కాం. చదివారు. కొందరు ట్యాలీ నేర్చుకున్నారు. కొందరు ఆడిటర్ల దగ్గర పని నేర్చుకుంటున్నారు. ఇంటర్వ్యూలో జర్నల్ ఎంట్రీ గురించి అడిగితే మీరు భయపడరు. బ్యాంకు రీకన్సిలియేషన్ గురించి అడిగినా చెప్తారు. కానీ చివర్లో "జీతం ఎంత ఆశిస్తున్నావమ్మా?" అనగానే మనకు గొంతు పెగలదు. "మీ ఇష్టం సార్" అనేస్తాం. ఈ రోజు ఆ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడదామని వచ్చాను.

నేనూ ఆ మాటే అన్నాను. 1994లో విజయవాడలో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగానికి వెళ్ళి "మీరెంత ఇస్తే అంత" అన్నాను. తొమ్మిది వందలు ఇచ్చారు. నాలుగు నెలల తర్వాత జీతాల రిజిస్టరు రాసే పని నాకు అప్పగించారు. నాతోపాటు అదే నెలలో చేరిన అబ్బాయికి పదమూడు వందలు! ఇద్దరం బి.కాం. చదివినవాళ్ళమే. ఒకే గది, అవే డే బుక్కులు, అవే లెడ్జర్లు. ఆ రెండు అంకెలనూ నా చేత్తోనే పక్కపక్కన రాశాను. వెళ్ళి అడిగితే యజమాని కోప్పడలేదు. "అతనికి సంసారం ఉందమ్మా. నీకేం, రేపు పెళ్ళయితే వెళ్ళిపోతావు" అన్నాడు. అప్పటికి మా నాన్న పోయి రెండేళ్ళయింది. అమ్మ, తమ్ముడు నా జీతం మీదే బతుకుతున్నారు. ఆ సంగతి ఆయన అడగలేదు. అయినా అసలు సంగతి అది కాదు. ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో చూసి కాదు, చేసే పనిని చూసి జీతం ఇవ్వాలి.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. స్త్రీపురుషులకు సమాన పనికి సమాన వేతనం ఉండాలని మన రాజ్యాంగం 39వ అధికరణం చెప్పింది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. నేను ఆ రిజిస్టరు రాసేనాటికి ఆ చట్టం వయసు పద్దెనిమిదేళ్ళు. నాకు దాని పేరైనా తెలియదు. మెకిన్నన్ మెకంజీ కంపెనీలో ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ తనకు మగ స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ ఇచ్చారని పోరాడితే, 1987లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. యూనియన్‌తో ఒప్పందం ఉందన్నా, కంపెనీకి ఇచ్చుకునే స్తోమత లేదన్నా కోర్టు ఒప్పుకోలేదు. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. ఒకే తరహా పనికి జీతంలోగానీ నియామకంలోగానీ ఆడామగా తేడా చూపకూడదని అదీ చెప్తోంది.

అయితే ఇంటర్వ్యూ గదిలోకి చట్టం మనతో నడిచిరాదు. అక్కడ మాట్లాడాల్సింది మనమే. అందుకు కొంత సిద్ధపడి వెళ్ళాలి.

ముందుగా, ఆ ఊళ్ళో ఆ పనికి ఎంత ఇస్తున్నారో వాకబు చేయండి. మీ సీనియర్లను అడగండి. మగపిల్లలను కూడా తప్పకుండా అడగండి. ఆడవాళ్ళనే అడిగితే మనకిచ్చే తక్కువ జీతమే న్యాయమైన జీతమనిపిస్తుంది. ఎంత అడగాలి, ఎంతకు ఒప్పుకోవచ్చు, ఎంతకు తగ్గితే కుదరదు అన్న మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి.

రెండోది, అంకె చెప్పేముందు పని గురించి అడగండి. ఎన్ని సంస్థల లెక్కలు చూడాలి? జి.ఎస్.టి. రిటర్నులు నేనే వేయాలా? టి.డి.ఎస్., జీతాల పట్టీ కూడా నా పనేనా? ఆడిట్ రోజుల్లో రాత్రి ఎన్నింటిదాకా ఉండాలి? గడువు దాటితే యజమాని ఆలస్య రుసుం కట్టాలి. అది పడకుండా చూసేది మీరే. ఈ వివరాలు తెలిశాకే మీ అంకె చెప్పండి. చెప్పి ఊరుకోండి. వాళ్ళు మౌనంగా ఉన్నారని కంగారుపడి మీరే తగ్గించుకోకండి.

మూడోది, "ఇప్పుడెంత వస్తోంది?" అన్న ప్రశ్న. ఒకచోట తక్కువ ఇచ్చారు కాబట్టి ఇంకోచోటా తక్కువే ఇస్తారు. అన్యాయం అలా మన వెంటే వస్తుంది. అందుకే అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో, జీతం చెప్పి ఉద్యోగం ఇస్తామనకముందు పాత జీతం అడగడాన్ని 2018 నుంచి నిషేధించారు. మన దగ్గర అటువంటి చట్టం లేదు కాబట్టి అడుగుతారు. అబద్ధం చెప్పకండి. జీతం చీటీ, బ్యాంకు ఖాతా చూపించమంటారు. "అక్కడ బిల్లులు ఎక్కించడం వరకే నా పని. మీరు చెప్పినదాంట్లో రిటర్నులూ, ఆడిటూ ఉన్నాయి. ఈ పనికి ఇంత ఆశిస్తున్నాను" అనండి.

నాలుగోది, లెక్కలు చదువుకున్న మనమే మన జీతం లెక్క చూసుకోం. ఏడాదికి మూడు లక్షల సి.టి.సి. అన్నారనుకోండి. నెలకు 25,000 వస్తుందనుకుంటాం. మూల వేతనం 12,500 అనుకుంటే, యజమాని వాటా ప్రావిడెంట్ ఫండ్ 12 శాతం కింద 1,500, గ్రాట్యుటీ కింద దాదాపు 600 చాలాచోట్ల అందులోనే కలిపేస్తారు. మీ వాటా ఫండ్ ఇంకో 1,500, వృత్తి పన్ను 200 పోతాయి. చేతికొచ్చేది 21,200. అందుకే "చేతికెంత వస్తుంది?" అని అడగండి. ఒప్పుకున్నది నియామక పత్రంలో రాయించుకోండి.

"మీ ఆయన ఉద్యోగం చేస్తున్నాడు కదా, నీకింతెందుకు?" అని కూడా అంటారు. పోట్లాడనక్కర్లేదు. "నేను చేయబోయే పని గురించి మాట్లాడుతున్నాను సార్" అంటే చాలు.

పూట గడవని ఇంటి పిల్లను ఉద్యోగం వదులుకోమని నేను చెప్పను. తక్కువకు చేరక తప్పకపోతే, ఆరు నెలల తర్వాత జీతం మళ్ళీ చూస్తామని రాయించుకుని చేరండి.

చివరిగా ఒక మాట. ఏడాదిన్నరకు నేను ఆ ఉద్యోగం మానేశాను. వెళ్ళేరోజు ఆ అబ్బాయికి నా జీతం చెప్తే అతను నిర్ఘాంతపోయాడు. అతనికి తెలియనే తెలియదట. జీతాలు ఒకరికొకరం చెప్పుకోకపోవడం వల్ల లాభం ఎవరికి? మనకు మాత్రం కాదు. మీలో ఎవరికి ముందు ఉద్యోగం వచ్చినా, ఎంత అడిగారో, ఎంత ఇచ్చారో మిగతావాళ్ళకు చెప్పండి. తర్వాత వెళ్ళే అమ్మాయి "మీ ఇష్టం సార్" అనకుండా ఉండాలంటే ఆమె చేతిలో ఆ అంకె ఉండాలి.