కట్టగట్టి అమ్మితే విడివిడిగా లెక్క అడుగుదాం

(నరసరావుపేటలో రైతు సంఘం సభ్యుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అదునులో యూరియా కోసం కొట్టుకు వెళ్తే ఏం జరుగుతుందో పల్నాడు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. ఆ డబ్బు చేతిలో పట్టుకుని వెళ్తే, "బస్తా ఒక్కటే ఇవ్వం, దీంతోపాటు ఈ గుళికలు, ఈ సీసా కూడా తీసుకోవాలి" అంటారు. మనకు అక్కర్లేని సరుకు అవసరమైన సరుకుతో ముడేసి అంటగడతారు. దీన్ని లింకు అమ్మకం అంటున్నాం. ఏటా దీని మీద వ్యవసాయ అధికారులకు వినతిపత్రాలు ఇస్తున్నాం, ధర్నాలు చేస్తున్నాం. ఇలా అంటగట్టే వాళ్ల మీద చర్య తీసుకోవాలని కేంద్రమే రాష్ట్రాలకు చెబుతూ వచ్చింది.

అయితే ఇదే పని నెలనెలా మన ఇంట్లో జరుగుతుంటే పట్టించుకోవడం లేదు. టీవీ కావాలంటే ఇంటర్నెట్ కూడా తీసుకో, ఇంటర్నెట్ కావాలంటే ఫోను కూడా తీసుకో, మాట్లాడుకోవడానికి రీచార్జి కావాలంటే రోజుకు ఇన్ని జీబీల డేటా కూడా తీసుకో అంటున్నారు. మూడూ కలిపి ఒకే ధర, ఒకే బిల్లు, చవక అంటున్నారు. ఈ రోజు దీని గురించి మాట్లాడుకుందాం.

రైతు సంఘానికి కేబుల్ బిల్లుతో ఏం పని అని ఎవరికైనా అనిపించవచ్చు. పని ఉంది. పీఎం కిసాన్ డబ్బు పడాలంటే ఈకేవైసీ చేయించాలి, దాని ఓటీపీ ఫోనుకే వస్తుంది. బ్యాంకులో అప్పు వాయిదా సంగతి ఫోనుకే వస్తుంది. గుంటూరు యార్డులో మిర్చి ధర ఎంత పలికిందో తెలుసుకుని టిక్కీలు లారీకి ఎత్తాలా, కోల్డ్ స్టోరేజీలో ఉంచాలా అని తేల్చుకునేది ఫోను చూసే. ఫోను ఇవాళ మనకు నాగలి లాంటి పనిముట్టు. పనిముట్టు మీద పెట్టే ఖర్చు సాగు ఖర్చే. ఎరువు ధర పైసాతో సహా లెక్క వేసే మనం దీని లెక్క కూడా వేయాలి.

ముందు న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. మూడూ కలిపి అమ్మడమే తప్పు కాదు. ఒకసారి ఫైబర్ తీగ ఇంటికి వచ్చాక అదే తీగ మీద టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఇవ్వడానికి కంపెనీకి పెద్దగా అదనపు ఖర్చు ఉండదు. పిల్లలు చదువుకునే ఇల్లు, అందరూ టీవీ చూసే ఇల్లు, మూడూ నిజంగా వాడే ఇల్లు అయితే కట్టగా తీసుకుంటేనే లాభం కావచ్చు. వాడని సరుకు ఎంత చవకైనా మనకు నష్టమే. ఏ సరుకుకు ఎంత ధరో తెలియకపోతే, వాడనిదానికి ఎంత కడుతున్నామో కూడా తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

మన రాష్ట్రంలోనే జరిగింది చూడండి. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి పల్లెలకు కూడా ఇంటర్నెట్ ఇవ్వాలన్న ఆలోచన మంచిదే. నెలకు 149 రూపాయలకు 250 చానళ్లు, 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, ఫోను అన్నారు. ఊళ్లన్నిటా 149 అనే అంకె మారుమోగింది. కానీ ఆ 149 మీద పన్ను విడిగా ఉండేది. నెలకు 5 జీబీ దాటితే ఇంటర్నెట్ వేగం 1 ఎంబీపీఎస్‌కు పడిపోయేది. తర్వాతి ఏళ్లలో అదే కనెక్షన్ ధర పన్నుతో కలిపి 300 దాటింది. ఏ ప్రభుత్వం హయాంలో ఏం జరిగిందన్న వాదనలోకి మేము పోవడం లేదు. ప్రభుత్వ సంస్థ విషయంలోనే మొదటి ధర నిలవలేదంటే, ప్రైవేటు కంపెనీ మొదటి మూడు నెలలకు చెప్పే ధర నిలుస్తుందని ఎలా నమ్ముతాం?

ఇక ఈ కట్టలో ఎక్కడెక్కడ గుంటలు ఉన్నాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది పన్ను. కేబుల్, ఇంటర్నెట్, ఫోను సేవలన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ ఉంది. ఇంటి ఇంటర్నెట్ కరపత్రం మీద 599 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, పన్ను అదనం అని కింద చీమ తలంత అక్షరాలతో ఉంటుంది. 599కి పన్ను కలిపితే 706 రూపాయల 82 పైసలు. ఏడాదికి 7,188 అనుకున్నది 8,481 దాటుతుంది. తేడా దాదాపు 1,294 రూపాయలు. ఆ డబ్బుకు నాలుగు బస్తాల యూరియా వచ్చి ఇంకా మిగులుతుంది.

రెండోది నెల. కంపెనీల నెలకు 28 రోజులే. మనకు ఏడాదికి 12 నెలలు, వాళ్లకు 13. 28 రోజులకు 200 రూపాయల రీచార్జి అనుకుంటే ఏడాదికి 2,400 కాదు, 2,600 అవుతుంది. ఇంట్లో మూడు ఫోన్లు ఉంటే 7,800. అందులో 600 రూపాయలు ఆ పదమూడో నెలవే. 84 రోజుల ప్లాను కూడా అంతే. నాలుగు సార్లు వేయించినా 336 రోజులే, ఇంకా 29 రోజులు మిగిలే ఉంటాయి.

మూడోది వాడని సరుకు. రెంటచింతల మండలంలో మా సభ్యుడి తల్లి ఉంది. ఆమెది బటన్ ఫోను. కొడుకుతో, కూతురితో మాట్లాడుకుంటుంది, అంతే. కొట్టువాడు ఆమెకు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉన్న ప్లాను వేస్తున్నాడు. 28 రోజులకు 42 జీబీ. ఆ ఫోనులో ఒక్క వీడియో కూడా తెరుచుకోదు. "అమ్మా, ఇదే అందరికీ వేస్తున్నాం" అన్నాడట. అందరికీ వేస్తే ఆమెకు అవసరమైనట్టా? 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచినప్పుడు ఇలాంటి వాళ్ల మీద కూడా ఆ బరువు పడింది.

నాలుగోది ముందస్తు చెల్లింపు. మిర్చి డబ్బు చేతికి వచ్చిన సమయం చూసి ఆరు నెలలది ఒకేసారి కట్టండి, ఒక నెల ఉచితం అంటారు. దుర్గి మండలంలో మా సభ్యుడొకాయన అలాగే కట్టాడు. గాలివానకు స్తంభం ఒరిగి తీగ తెగింది. ఇరవై రోజులు ఎవరూ రాలేదు. టీవీ లేదు, నెట్ లేదు, ఫోను లేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే ప్లాను రద్దు చేస్తే ఏమీ రాదన్నారు. కాగితం చూపించమంటే ఆయన దగ్గర రసీదు కూడా లేదు.

అయిదోది దీని నుంచే వచ్చింది. మూడూ ఒకే తీగ మీద ఉంటే, ఆ తీగ తెగితే మూడూ పోతాయి. పాతకాలం ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఫైబర్ ఫోను అలా కాదు. ఇంట్లో డబ్బాకు కరెంటు లేకపోతే ఫోను కూడా మూగబోతుంది. బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు తండాల్లో రాత్రిపూట పాము కరిస్తే 108కి ఫోను చేయాలి. ఇంటి ఫోను కట్టలో వచ్చింది కదా అని సెల్‌ఫోను రీచార్జి మానేసిన ఇల్లు ఆ రాత్రి ఏం చేస్తుంది? అందుకే చెబుతున్నాం. కట్ట తీసుకున్నా సరే, ఒక సెల్ నంబరును మాత్రం బతికించుకోండి. ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన నంబరు అయితే మరీ జాగ్రత్త. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరును తీసేసే వీలు కంపెనీకి ఉంది. ఆ నంబరు ఇంకొకరికి పోతే మన ఓటీపీలు కూడా అక్కడికే పోతాయి.

ఆరోది డబ్బా. సెట్‌టాప్ బాక్సు, వైఫై డబ్బా ఉచితం అంటారు. ఉచితమా, అద్దెకా, డిపాజిట్టా, వాయిదాలకా? కనెక్షన్ మానేసిన రోజున డబ్బా తిరిగి ఇస్తే డబ్బు వస్తుందా? ఇది ముందే అడగకపోతే, మానేద్దామనుకున్న రోజున అదే మన కాలికి బంధం అవుతుంది.

మరి చట్టం ఏమంటోంది? ఇక్కడ మనం తెలుసుకోవలసింది చాలా ఉంది.

టీవీ సంగతి: టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 మార్చిలో కొత్త ధరల ఉత్తర్వు ఇచ్చింది. చానళ్ల కంపెనీ ఒకటి ట్రాయ్‌కు ఆ అధికారం లేదని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2018 అక్టోబర్ 30న కోర్టు ట్రాయ్ అధికారాన్ని సమర్థించింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి ఈ పద్ధతి ఇళ్లకు వచ్చింది. దీని ప్రకారం ప్రతి పే చానల్‌కు విడి ధర ప్రకటించాలి. కావాలన్న చానల్‌ను విడిగా కూడా ఇవ్వాలి. 19 రూపాయలు దాటిన చానల్‌ను కట్టలో కలపకూడదు. కాబట్టి "ప్యాకేజీ తప్ప విడిగా రాదు" అని ఎవరైనా అంటే అది నిజం కాదు. వార్తలు, సాగు కార్యక్రమాలు చాలనుకునే ఇంటికి డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్‌కు, డబ్బాకు ఒకసారి పెట్టుబడి, నెల బిల్లు లేదు.

సెల్‌ఫోను సంగతి: 28 రోజుల లెక్క మీద గోల వచ్చాక 2022 జనవరిలో ట్రాయ్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాను, ప్రతి నెలా ఒకే తేదీన వేయించుకునే ప్లాను ఒకటి ఉంచాలంది. 2024 డిసెంబర్ 23న ఇంకో సవరణ తెచ్చింది. డేటా లేకుండా మాటలకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ఒక ప్లాను ఉండాలంది. 2025 జనవరిలో కంపెనీలు అలాంటి ప్లాన్లు తెచ్చాయి. అయితే ఎక్కువగా 84 రోజులు, 365 రోజులు లాంటి పెద్ద గడువులతో పెట్టాయి. ఒక్కసారే అంత డబ్బు పెట్టలేని కూలీకి, కౌలు రైతుకు అది అందడం కష్టమే. నెల గడువుతో కూడా మాటల ప్లాను ఉండాలని మనం డిమాండ్ చేయాలి. ఇది రెంటచింతల తల్లి ఒక్కదాని సమస్య కాదు, బటన్ ఫోను వాడే ప్రతి ఇంటి సమస్య.

ఫిర్యాదు సంగతి: ముందు కంపెనీకి ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నంబరు లేని ఫిర్యాదు గాలికి చెప్పుకున్నట్టే. ఫోను, ఇంటర్నెట్ ఫిర్యాదు అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్లలోపు వెళ్లాలి. టెలికాం విషయంలో వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది.

ఇంటికి వెళ్లాక ప్రతి ఒక్కరూ చేయవలసిన పని ఒకటుంది. పోయిన ఏడాది ఇంట్లో అన్ని ఫోన్లకూ, టీవీకీ, నెట్‌కూ ఎంత కట్టామో ఒక కాగితం మీద రాయండి. పక్కనే ఏది ఎవరు వాడారో రాయండి. కొత్త కనెక్షన్ తీసుకునే ముందు ఈ ప్రశ్నలు అడగండి. పన్నుతో కలిపి ఎంత? ఎన్ని రోజులకు? ఆఫర్ అయిపోయాక ఎంత? ఎన్ని జీబీల తర్వాత వేగం తగ్గుతుంది, ఎంతకు తగ్గుతుంది? టీవీ మానేసి నెట్ ఒక్కటే తీసుకుంటే ఎంత? డబ్బా ఎవరిది? లైన్ పోయిన రోజులకు డబ్బు తగ్గిస్తారా? జవాబులు కాగితం మీద రాయించుకోండి, లేదా వాట్సాప్‌లో పెట్టమనండి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి.

ఇంకో మాట. మన ఊరి కేబుల్ కుర్రాడితో తగాదా పెట్టుకోవద్దు. అతనూ మన బిడ్డే, రేట్లు పెట్టేది అతను కాదు. ఎండలో స్తంభం ఎక్కేది అతను, తిట్లు తినేదీ అతనే. అడగాల్సింది పైవాళ్లను. ఒక్కరు అడిగితే ఇష్టమైతే ఉండు, లేకపోతే మానేయి అంటారు. ఊళ్లో యాభై ఇళ్లు ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి, విడివిడి రేట్లు చెప్పండి, లైన్ పోయిన రోజులకు తగ్గించండి అంటే ఆ మాట వినక తప్పదు. లింకు ఎరువుల మీద మనం నేర్చుకున్న పాఠం ఇదే. ఒక్క రైతు కొట్టు ముందు నిలబడితే గుళికలు కొనక తప్పలేదు. ఊరంతా వెళ్లి బిల్లు అడిగినప్పుడే ఉత్త బస్తా బయటికి వచ్చింది.

మీ బిల్లులు, రసీదులు మండల సంఘం దగ్గరకు తీసుకురండి. దుర్గి సభ్యుడి ఫిర్యాదును మొదటిగా తీసుకుందాం. ఆయన రసీదు లేకుండా కట్టాడు కాబట్టి కష్టమే. కానీ బ్యాంకు నుంచి పంపిన డబ్బుకు బ్యాంకులో లెక్క ఉంటుంది. అక్కడి నుంచి మొదలు పెడదాం.