కెరటాల కింది లెక్క
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏజెన్సీ కొండల మొదట్లో ఉన్న నర్సీపట్నంలో కూర్చుని సముద్రం గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. మన తాండవ నీరు తుని మీదుగా వెళ్ళి పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుంది. చింతపల్లి దాటి ఇంకా పైకి వెళ్తే సీలేరు. ఆ నీరు శబరిలోను, శబరి కూనవరం వద్ద గోదావరిలోను కలుస్తాయి. అంటే మన కొండల మట్టి కూడా కొంత గోదావరి డెల్టాలో ఉన్నట్టే.

ఉద్యోగరీత్యా నేను ఆ డెల్టా ప్రాంతంలో కొన్నేళ్ళు ఇంజనీర్ల ఆఫీసులో గుమస్తాగా పనిచేశాను. ఫైళ్ళు చూడటమే నా పని. అయినా సముద్రపు ఒడ్డును ఎలా కొలుస్తారో రెండు మూడుసార్లు కళ్ళారా చూశాను.

ముందుగా ఒడ్డుకు దూరంగా, కదలని చోట ఒక బెంచిమార్కు ఉండాలి. అక్కడి నుంచి సముద్రం వైపు తిన్నగా ఒక గీత అనుకుని, డంపీ లెవెల్, స్టాఫు, గొలుసు పట్టుకుని మీటర్ల వారీగా ఎత్తుపల్లాలు రాసుకుంటూ పోతారు. స్టాఫు పట్టుకున్న మనిషి పాటు వేళ గుండె లోతు నీళ్ళ దాకా వెళ్తాడు. ఆపైన పడవ. పూర్వం తాడు చివర సీసపు గుండు కట్టి వదిలేవారు. గుండు అడుగున కొవ్వు పూస్తే, కింద ఇసుకో బురదో దానికి అంటుకుని పైకి వచ్చేది. తరువాత ఎకో సౌండర్ వచ్చింది. శబ్దం ఉప్పునీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. అడుగుకు తగిలి సెకనులో యాభయ్యో వంతులో తిరిగి వస్తే, రానూ పోనూ 30 మీటర్లు, కాబట్టి లోతు 15 మీటర్లు.

చిక్కు రెండు చోట్ల. ఒకటి, నీటిమట్టం గంట గంటకూ మారుతుంది. పోటు వేళ కొలిస్తే ఎక్కువ లోతు, పాటు వేళ తక్కువ లోతు. అందుకని ఒడ్డున ఒకరు మట్టం చూసి టైముతో సహా రాస్తుండాలి. తరువాత అన్నిటినీ ఒకే మట్టానికి సరిచేస్తారు. రెండవది, కెరటాలు విరిగే చోటు. అక్కడ మనిషి నిలవలేడు, పడవ పోలేదు. అందుకే సముద్రం నెమ్మదిగా ఉన్న రోజులు చూసుకుని, పాటు వేళ స్టాఫు వీలైనంత లోపలికి, పోటు వేళ పడవ వీలైనంత ఒడ్డుకు తెస్తారు. రెండు లెక్కలూ కలిసిన చోట సరిపోతే నమ్మవచ్చు.

ఇప్పుడు ఉపగ్రహాలు, డ్రోన్లు వచ్చాయి. ఒడ్డు గీత బాగానే తెలుస్తుంది. కాని గోదావరి బురద నీటి అడుగు పైనుంచి కనపడదు. అక్కడికి పడవే వెళ్ళాలి.

కింద ఎందుకు చూడాలంటే, తుఫాను వేళ కోసుకుపోయిన ఇసుక కొంత దగ్గరలోనే నీటి కింద మేట వేస్తుంది. సముద్రం నెమ్మదించాక మళ్ళీ ఒడ్డుకు చేరుతుంది. అది నష్టం కాదు. పైన ఒడ్డు మామూలుగా కనిపిస్తూనే అడుగు లోతైపోతే మాత్రం ప్రమాదం. దూరంగా విరగవలసిన కెరటం ఊరి ముందుకు వచ్చి విరుగుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు 2004లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులుంటే, 1990లలో 6 కోట్ల టన్నుల లోపుకు తగ్గింది. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడమే ముఖ్య కారణమన్నారు. 1976 నుంచి 2001 లోగా డెల్టా అంచున నికరంగా 1,800 హెక్టార్లకు పైగా నేల సముద్రం పాలైంది. అదే తీరాన కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ సుమారు 16 కిలోమీటర్లు పెరిగింది. ఉత్తరానికి పోవలసిన ఇసుక అక్కడే చిక్కుకుంటే, దాని పైనున్న ఉప్పాడకు ఇసుక అందదు. ఉప్పాడలో రాళ్ళు వేశారు, జియో ట్యూబులు వేశారు. అయినా తుఫాను వచ్చినప్పుడల్లా రోడ్డు కోసుకుపోతూనే ఉంది.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒకసారి ఆఫీసులో పాత లెవెల్ పుస్తకాల కట్ట ఒకటి వచ్చింది. తీరం ఒడ్డున ఏళ్ళ క్రితం కొలిచినవి. పని అయిపోయిందిగదా అని ఎల్.డిస్. కింద వేశాను. డి.డిస్. అయితే పదేళ్ళు, ఆర్.డిస్. అయితే శాశ్వతం అని మీకు నేను చెప్పాలా? ఏడాది తిరిగాక అవి చించివేత జాబితాలో పోయాయి. చాలా ఏళ్ళ తరువాత, పొలాలు సముద్రంలో పోయాయని ఒక ఊరివారు అర్జీ పెట్టుకున్నారు. కొత్తగా వచ్చిన ఇంజనీరు గారు పాత లెవెల్స్ కావాలన్నారు. రికార్డు రూమంతా వెతికాను. చివరికి డిస్పోజల్ రిజిస్టరులో నా సంతకమే కనిపించింది.

ఆయన నన్నేమీ అనలేదు. "పోనీలెండి గుమస్తా గారూ. ఇవాళ కొలిస్తే ఇవాళ్టి లోతే తెలుస్తుంది. ఎంత పోయిందో తెలియదు," అన్నారు. అర్జీ పట్టుకుని వరండాలో నిలబడిన ముసలి రైతు చేతిలో పట్టా ఉంది. ఆ పట్టాలోని నేల మీద అప్పటికే వలలు వేస్తున్నారు. ఎప్పుడు పోయింది, ఎంత పోయింది అంటే చూపడానికి మా దగ్గర కాగితం లేదు. ఆయనకు ఏం చెప్పి పంపానో ఇప్పుడు గుర్తు లేదు. ఆయన ముఖం మాత్రం గుర్తుంది.

అందువల్ల నేను చెప్పేదొక్కటే. ఏటా అదే చోట, అదే బెంచిమార్కు నుంచి, వానలకు ముందొకసారి తరువాత ఒకసారి కొలవాలి. ఆ పుస్తకాలు శాశ్వతంగా ఉంచాలి. మనం బతికున్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం గదా, తీరానికి కూడా అలాంటిది ఒకటి ఉండాలి. మీ పిల్లలు, మనుమలు ఆఫీసుల్లో ఉంటే, పాత కొలతల పుస్తకం చించే ముందు ఒక్క నిమిషం ఆగమని చెప్పండి.